దిక్కులు చూస్తున్న పిల్లలు వింటూనే ఉన్నారు: టీచర్లకు ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన టీచర్లకు, హెడ్‌మాస్టర్లకు, పిల్లల ప్రోగ్రెస్ కార్డులో ఏయే గడులు ఉండాలో తేల్చే పెద్దలకు,

నమస్కారం.

ఆటిజం ఉన్న పన్నెండేళ్ల అమ్మాయికి నేను తల్లిని. మీతో ఒకే ఒక్క మాట గురించి మాట్లాడాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. ఆ మాట రోజుకు ఎన్నిసార్లు అంటారో మీకే లెక్క ఉండదు. "నా వైపు చూస్తూ విను." మామూలు మాటే. నా చిన్నప్పుడు మా టీచర్లు అన్నారు, మా అమ్మ అంది, నా కూతురితో నేనూ చాలాసార్లు అన్నాను. ఇప్పుడు మానేశాను. మిమ్మల్నీ మానేయమని అడగడానికే ఇదంతా.

మా అమ్మాయి మూడో తరగతిలో ఉన్నప్పుడు డైరీలో వరసగా నాలుగు రోజులు ఒకే రాత వచ్చింది: "పాఠం వినదు. దిక్కులు చూస్తుంది." ఐదో రోజు నన్ను బడికి పిలిచి, వెనక బెంచీ పక్కన నిలబడి చూడమన్నారు. విత్తనాలు ఒక చోటి నుంచి ఇంకో చోటికి ఎలా వెళ్తాయన్న పాఠం జరుగుతోంది. తలలన్నీ బోర్డు వైపు ఉన్నాయి, ఒక్క తల తప్ప. స్విచ్‌బోర్డు కింద గోడకు రంగు పెచ్చులేచిన చోటు ఒకటుంది. మా పాప చూపు దాని మీద ఉంది. బొటనవేలు నోట్‌బుక్ అంచును మడుస్తోంది, విప్పుతోంది. టీచర్ పాఠం ఆపకుండానే నడుచుకుంటూ వచ్చి రెండు వేళ్లతో గడ్డం పట్టుకుని పాప మొహం తన వైపు తిప్పుకున్నారు. కోపంగా కాదు, మెల్లగానే. "ఇటు చూడమ్మా. ఇప్పుడు చెప్పు, గాలికి ఎగిరే విత్తనాలు ఎలా ఉంటాయి?"

పాప ఆవిడ పెదాల వంకే చూసింది. నోరు పెగల్లేదు. టీచర్ నా వైపు తిరిగి "చూశారుగా" అన్నట్టు తల ఊపారు. నేనూ ఊపాను. అలా ఊపినందుకు ఇప్పటికీ బాధపడుతుంటాను.

ఆ రాత్రి లైటు తీసేశాక, గోడ వైపు తిరిగి పడుకుని, మా అమ్మాయి ఆ పాఠమంతా నాకు చెప్పింది. తేలిగ్గా ఉండే విత్తనాలు, రెక్కలున్న విత్తనాలు, నీళ్లలో తేలేవి, జంతువుల ఒంటికి అంటుకునేవి. టీచర్ వాడిన వాక్యాలే, అదే వరసలో. మధ్యలో ఆవిడ దగ్గిన చోట తనూ దగ్గింది. "మరి మిస్ అడిగినప్పుడు చెప్పలేదేం తల్లీ?" అన్నాను. కాసేపు పలకలేదు. తర్వాత అంది: "అప్పుడు మిస్ మొహం నా ముందే ఉంది కదమ్మా. మొహం ఉంటే మాట ఉండదు."

ఈ నాలుగేళ్లలో దొరికినవన్నీ చదివాను, తెలిసినవాళ్లందరినీ అడిగాను. అన్నీ ఆ చిన్న వాక్యం అర్థం చేసుకోవడానికే. అందులో మీకు పనికొచ్చేది చెప్తాను.

ముందు మన సంగతి. మాట వినడం చెవి పని, మొహం చూడటం కంటి పని అని మనం అనుకుంటాం. నిజానికి ఆ రెండూ విడివిడిగా వస్తాయి, వేర్వేరు వేగాలతో వస్తాయి. వెలుగు చేరడానికి పట్టే టైమ్ లెక్కలోకే రాదు. శబ్దం మాత్రం సెకనుకు 340 మీటర్లకు కాస్త అటూ ఇటూగా నడుస్తుంది. పది మీటర్ల దూరాన కూర్చున్న పిల్లాడికి టీచర్ పెదవి కదలిక కంటే ఆ మాట సెకనులో దాదాపు ముప్పై నాలుగో వంతు ఆలస్యంగా అందుతుంది. లోపలికి వచ్చాక మళ్లీ ఇంకో తేడా: చెవి తన పని చకచకా ముగిస్తుంది, కంటికి ఎక్కువ సేపు పడుతుంది. ఇన్ని తేడాలున్నా మనకు పెదవీ మాటా ఒకేసారి వచ్చినట్టే ఉంటుంది. మెదడు కొంత వ్యవధి పెట్టుకుని, ఆ వ్యవధిలోపల వచ్చినవాటిని ఒకే చోటి నుంచి వచ్చినవిగా కుట్టేస్తుంది. దూరాన మెరుపు మెరిసి ఎంతోసేపటికి ఉరిమితే మాత్రం కుట్టదు, ఎందుకంటే ఆ వ్యవధి దాటిపోయింది. శాస్త్రవేత్తలు ఈ వ్యవధిని కిటికీ అంటారు. మామూలు పెద్దవాళ్లలో, మాట విషయంలో, అది సెకనులో నాలుగో ఐదో వంతు మేరకు ఉంటుంది.

ఈ కుట్టుపని ఎంత బలమైందో 1976లో హ్యారీ మెక్‌గర్క్, జాన్ మెక్‌డొనాల్డ్ అనే ఇద్దరు నేచర్ అనే సైన్స్ పత్రికలో చూపించారు. ఒక మనిషి "గ" అంటున్న వీడియోకి "బ" అనే శబ్దం జోడించారు. చూసినవాళ్లలో ఎక్కువమందికి "డ" అని వినిపించింది. కళ్లు మూసుకుంటే "బ", తెరిస్తే "డ". సంగతి ముందే తెలిసినా సరే, కళ్లు తెరవగానే మళ్లీ "డ" అనే వినిపిస్తుంది. మనం వినే మాటలో కంటి వాటా అంత ఉంది.

1980లలో బ్యారీ స్టైన్, అలెక్స్ మెరిడిత్ పిల్లుల మీద చేసిన పరిశోధన దీనికి ఇంకో ఆధారం. మెదడు నడిమి భాగంలో కొన్ని కణాలు వెలుగు విడిగా వస్తే కొంచెం, శబ్దం విడిగా వస్తే కొంచెం స్పందించి, రెండూ ఒకే టైమ్‌లో ఒకే చోటి నుంచి వస్తే ఆ రెండూ కూడినదానికంటే ఎక్కువ స్పందించాయి. ఒకే టైమ్, ఒకే చోటు. ఆ షరతు కుదిరితేనే ఒకదానికొకటి బలం.

ఇప్పుడు మా పిల్లల సంగతి. మెక్‌గర్క్ పరీక్ష ఆటిజం ఉన్న పిల్లలకు పెట్టినప్పుడు, సగటున, వాళ్లకు ఆ "డ" తక్కువగా వినిపిస్తుందని చాలా పరిశోధనల్లో తేలింది. ఉన్న "బ" ఉన్నట్టే వింటారు. నాకు ఇది చదివినప్పుడు గుండె కొట్టుకుంది. "మొహం ఉంటే మాట ఉండదు" అన్న పిల్ల దగ్గర కన్నూ చెవీ ఒకదానికొకటి సాయం చేసుకోవట్లేదని అప్పుడు తట్టింది. చేసుకోనప్పుడు, రెండూ ఒకేసారి తెరిచి ఉంచమనడం సాయం ఎలా అవుతుంది?

2014లో అమెరికాలోని వాండర్‌బిల్ట్ యూనివర్సిటీలో ర్యాన్ స్టీవెన్సన్, మార్క్ వాలెస్, వాళ్ల తోటివాళ్లు ఆరు నుంచి పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల్ని పరీక్షించారు. ఆటిజం ఉన్నవాళ్లు 32 మంది, లేనివాళ్లు 32 మంది. మెరుపులూ బీప్‌లూ చూపించారు, పనిముట్ల కదలికలు శబ్దంతో చూపించారు, మాట్లాడుతున్న మొహాల్ని చూపించారు. శబ్దాన్ని కాస్త ముందుకీ వెనక్కీ జరుపుతూ "రెండూ ఒకేసారి వచ్చాయా?" అని అడిగారు. తేడా గట్టిగా కనిపించింది మాట దగ్గర. ఆటిజం ఉన్న పిల్లల్లో ఆ కిటికీ వెడల్పుగా ఉంది. అంటే, మాటకీ పెదవికీ మధ్య మిగతా పిల్లలు పట్టేసే తేడా కూడా వాళ్లకు ఒకేసారి వచ్చినట్టే తోచింది.

ఇక్కడ చాలామంది డబ్బింగ్ సరిగ్గా కుదరని సినిమా పోలిక తెస్తారు. నేనూ కొన్నాళ్లు అందరికీ అదే చెప్పాను. ఇప్పుడు చెప్పను. డబ్బింగ్ కుదరలేదని చిరాకు పడే మనిషి తేడా పట్టగలిగిన మనిషి, అతని కిటికీ ఇరుగ్గా ఉంది. పరిశోధన చెప్పేది దానికి తిరగబడి ఉంది: కలవకూడనివి కూడా లోపలికి వచ్చి కూర్చుంటాయి. టీచర్ పెదవి కదిలింది, అదే సమయంలో వెనక బెంచీలో పెన్సిల్ కిందపడింది, పక్క గదిలో కుర్చీ కీచుమంది. ఏ శబ్దం ఏ కదలికదో తేల్చాలి. కిటికీ ఇరుగ్గా ఉన్న పిల్లకు అది దానంతటదే తేలిపోతుంది. వెడల్పుగా ఉన్న పిల్ల ప్రతిదాన్నీ విడగొట్టి సర్దుకోవాలి. ఆ సర్దుకోవడంలోనే మీరు చెప్పిన వాక్యం దాటిపోతుంది. గోడ మీద పెచ్చులేచిన రంగుకి పెదాలు లేవు. అది కదలదు, ఏమీ అనదు. అక్కడ కళ్లు పెడితే చెవి ఒక్కటే పని చేయొచ్చు.

ఆటిజం గురించి టీచర్లకు చెప్పే శిక్షణలో ఇది ఎందుకు ఉండదా అని ఆలోచించాను. "సెన్సరీ ఇష్యూస్" అన్న మాట ఇప్పుడు అందరికీ తెలుసు: పెద్ద శబ్దమైతే చెవులు మూసుకుంటారు, బట్టల మీద లేబుల్ గుచ్చుకుంటే ఏడుస్తారు. నిజమే. లియో కానర్ అనే పిల్లల మానసిక వైద్యుడు 1943లో ఆటిజం మీద, పదకొండుమంది పిల్లల గురించి రాసిన మొదటి వ్యాసంలోనే పెద్ద శబ్దాలకు, కదిలే వస్తువులకు బెదిరిపోవడం ఉంది. అయినా డాక్టర్లు రోగనిర్ధారణకు వాడే డీఎస్‌ఎమ్ పుస్తకంలో ఇంద్రియాల సంగతి ఆటిజం లక్షణాల జాబితాకి ఎక్కడానికి 2013 దాకా పట్టింది. ఎక్కినప్పుడు కూడా ఎక్కింది ఎక్కువ స్పందించడం, తక్కువ స్పందించడం, వెలుగూ శబ్దమూ స్పర్శా లాంటివాటి మీద అసాధారణమైన ఆసక్తి గురించే. ఒక్కో ఇంద్రియం విడిగా ఎలా ఉందన్నది అక్కడ ఉంది, రెండు ఇంద్రియాలు ఎలా కలుస్తాయన్నది లేదు. అందుకే హెడ్‌ఫోన్ పెట్టుకున్న పిల్లను మీరు అర్థం చేసుకుంటున్నారు, గోడ చూస్తున్న పిల్లను చేసుకోలేకపోతున్నారు. మీ తప్పని నేను అనను. మీకెవరూ చెప్పలేదు.

అన్నిటికంటే నన్ను కుదిపేసిన పరిశోధన ఇంకొకటి ఉంది. న్యూయార్క్‌లోని ఆల్బర్ట్ ఐన్‌స్టీన్ కాలేజ్ ఆఫ్ మెడిసిన్‌లో జాన్ ఫాక్స్, సోఫీ మోల్‌హోమ్ బృందం చేసింది. గోలలో ఒక్కో మాట వినిపించి, అది ఏమిటో చెప్పమన్నారు. కొన్నిసార్లు గొంతు మాత్రమే, కొన్నిసార్లు గొంతుతో పాటు మాట్లాడుతున్న మొహం. ఆటిజం లేని పిల్లలకు మొహం కనిపిస్తే చాలా సాయం అయింది. ఆటిజం ఉన్న పిల్లల్లో ఐదు నుంచి పన్నెండేళ్ల వాళ్లకు ఆ సాయం బాగా తక్కువ. పదమూడు దాటినవాళ్లలో మాత్రం ఆ తేడా దాదాపు మాసిపోయింది.

ఈ వయసుల్ని మీరు ఇంకోసారి చూడండి. ఐదు నుంచి పన్నెండు. సరిగ్గా మనం గడ్డం పట్టుకుని తిప్పే వయసు. "ఇటు చూడు" అని రోజుకు పదిసార్లు అనే వయసు. మొహం చూడటం వల్ల ఈ పిల్లలకు అతి తక్కువ లాభం ఉండే ఏళ్లలోనే మనం అతి ఎక్కువగా పట్టుబడుతున్నాం. పెద్దయ్యేకొద్దీ ఆ కుట్టుపని తనంతట తనే పట్టుపడే దారిలో ఉంటే, ఆ లోపల వాళ్లకు మనం నేర్పుతున్నది ఏమిటి? మొహమంటే భయం. ఆ పరీక్షకు కూర్చున్నది మాటలు వచ్చిన, సూచనలు అందుకోగలిగిన పిల్లలు. మాట రాని పిల్లలకు కూడా ఇదే లెక్క, ఇదే వయసు అని నేను అనను. కానీ వాళ్ల విషయంలో మనం ఇంకా జాగ్రత్తగా ఉండాలే తప్ప, ఇంకా గట్టిగా గడ్డం పట్టుకోకూడదు.

"మరి అస్సలు చూడకపోతే దృష్టి ఎక్కడో ఉన్నట్టే కదా" అని ఒక టీచర్ నన్ను అడిగారు. మంచి ప్రశ్నే. మీకు ఎవరైనా 17ను 6తో గుణించమంటే కళ్లు ఎక్కడికి పోతాయి? సీలింగ్‌కో, నేలకో. ఎదుటి మనిషి మొహం మీద నుంచి తప్పుకుంటాయి. మొహం చదవడం మెదడుకు బరువైన పని, లెక్క చేయాలంటే ఆ బరువు దించుకోవాలి. గ్వినెత్ డోహర్టీ-స్నెడన్ అనే పరిశోధకురాలు పిల్లల్లో దీన్ని ఏళ్ల తరబడి చూశారు: ప్రశ్న కష్టమయ్యేకొద్దీ పిల్లలు చూపు పక్కకు తిప్పుకుంటారు. 2012లో ఆవిడ బృందం ఆటిజం ఉన్న పిల్లల్నీ చూసింది. వాళ్లూ అంతే. ఆలోచించడానికే చూపు తిప్పుకుంటున్నారు. మా పాప చూపు తిప్పుకుంటే అది దిక్కులు చూడటం, మీరు తిప్పుకుంటే ఆలోచించడం ఎలా అవుతుంది?

కళ్లలోకి చూడమని బలవంతం చేస్తే ఏమవుతుందో కూడా చూసినవాళ్లున్నారు. 2017లో నూషీన్ హాజీఖానీ బృందం మెదడు స్కానర్‌లో పడుకున్నవాళ్లకు మొహాలు చూపిస్తూ, చూపు కళ్ల దగ్గరే నిలిచేలా చేశారు. ఆటిజం ఉన్నవాళ్లలో మెదడు లోతుల్లో మొహాల్ని, ఉద్వేగాల్ని పట్టించుకునే భాగాలు మామూలుకంటే ఎక్కువగా రేగాయి. బయటికి అది పట్టనట్టు కనిపించే పిల్ల. లోపల పట్టలేనంత ఉంది.

కంటికీ చెవికీ మధ్య మాత్రమే కాదు ఇది. మీలో చేతిరాత నేర్పేవాళ్లు, ఆటలు నేర్పేవాళ్లు ఉంటారు కాబట్టి ఒక్క మాట. 2009లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీలో రెజా షాద్‌మెహర్, స్టూవర్ట్ మోస్టోఫ్‌స్కీ బృందం ఒక రోబో పిడిని పట్టుకుని కదపడం పిల్లలకు నేర్పింది. ఆటిజం ఉన్న పిల్లలు కళ్లు చెప్పేదానికంటే తమ కీళ్లూ కండరాలూ చెప్పేదాని మీద ఎక్కువ ఆధారపడి నేర్చుకున్నారు. "నేను చేస్తున్నా చూడు, అలాగే చెయ్యి" అన్న పాఠం మా పాపకు ఎందుకు అందదో అక్కడ తెలిసింది. అక్షరం మలుపు తన చేతితో తను నాలుగుసార్లు తిప్పాకే వస్తుంది. నేను బోర్డు మీద నలభైసార్లు తిప్పినా రాదు.

ఇదంతా చదివి మా పిల్లల్లో ఏదో విరిగిపోయిందని మీరు అనుకోవద్దు. 2015లో ఆడమ్ జైడెల్, డోరా అంజెలాకి బృందం ఇంకో రకంగా చూసింది. మనిషి ఏ దిక్కుకు కదులుతున్నాడో కంటితోనూ, లోపలి చెవి ఇచ్చే కదలిక తెలివితోనూ తేల్చే పరీక్ష అది. ఆటిజం ఉన్నవాళ్లు ఆ రెండింటినీ లెక్క ప్రకారం ఎంత బాగా కలపవచ్చో అంత బాగానే కలిపారు. దెబ్బ తిన్నది ఎక్కడంటే, కంటికి కనిపించే దానిలో గజిబిజి కలిపినప్పుడు. కలపడం రాక కాదు, గజిబిజిలో కలపాల్సి రావడం వల్ల. నా మటుకు నాకు ఈ పరిశోధన చాలా ధైర్యం ఇచ్చింది, ఎందుకంటే పిల్లను మార్చలేకపోయినా గదిలో గజిబిజి తగ్గించడం మన చేతిలో పనే.

మా అమ్మాయి ఐదో తరగతిలో ఉన్నప్పుడు లెక్కల సార్ ఒకాయన వచ్చారు. ఆయన ఇవేవీ చదివి ఉండరు. ఒకరోజు ఫీజు కట్టడానికి వెళ్లి కిటికీలోంచి చూశాను. భిన్నాల కూడిక చెప్తున్నారు. మా పాప బల్ల దగ్గరికి వచ్చి, ఎదురుగా నిలబడకుండా పక్కన కూర్చున్నారు, భుజం పక్కన భుజం. కింది అంకె మీద వేలు పెట్టారు. ఏమీ అనలేదు. వేలు తీసేశారు. అప్పుడు, కాగితం వైపే చూస్తూ, "దీన్ని ముందు సమానం చేద్దాం" అన్నారు. మళ్లీ ఆగారు. పాప పెన్సిల్ కదిలింది. ఆయన మొహం వంక ఒక్కసారీ చూడలేదు, ఆయనా చూడమనలేదు. లెక్క పూర్తయ్యాక ఆయన లేచి వెళ్లిపోతుంటే, అప్పుడు తల ఎత్తి ఆయన వీపు వంక చూసి నవ్వింది.

సాయంత్రం అడిగాను, సార్ బాగా చెప్తారా అని. "సార్ ఒక్కోటి ఇస్తారు" అంది.

ఒక్కోటి ఇవ్వమనే నేను మిమ్మల్ని అడుగుతున్నది. బోర్డు మీద రాస్తూ మాట్లాడకండి. రాయండి, ఆగండి, తర్వాత చెప్పండి. వీడియో పెడితే దాని మీద మీ వ్యాఖ్యానం వద్దు, ఆపి చెప్పండి. చేతికి ఏదైనా ఇస్తున్నప్పుడు మాట ఆపండి, అది చేతిలో కుదురుకున్నాక చెప్పండి. ప్రశ్న వేసినప్పుడు ఎదురుగా వంగి మొహంలో మొహం పెట్టకండి, పక్కన నిలబడండి. జవాబు కోసం మామూలుగా ఆగేదానికంటే ఎక్కువసేపు ఆగండి. ఆ నిశ్శబ్దం మీకు ఇబ్బందిగా ఉంటుంది, నాకు తెలుసు, నాకూ ఉండేది. పది సెకన్లు చాలా పెద్దగా అనిపిస్తాయి. ఆ పది సెకన్లలో ఆమె అక్కడ పని చేస్తోంది. మధ్యలో అదే ప్రశ్న ఇంకో మాటల్లో అడిగితే ఆమె మళ్లీ మొదటికి వెళ్లాలి.

గోల సంగతి పెద్ద ఖర్చుతో కూడినది కాదు. కుర్చీ కాళ్లకు రబ్బరు తొడుగులు, మూసిన తలుపు, కిటికీకి దూరంగా, గోడకు దగ్గరగా ఒక చోటు. వెనక ఎవరూ కదలని చోటైతే ఇంకా మంచిది.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. మా పాపకు కుదిరింది అందరికీ కుదురుతుందని నేను అనట్లేదు. నాకు తెలిసిన ఒక బాబు ఉన్నాడు, అతనికీ ఆటిజమే. అతను మాట్లాడేవాళ్ల పెదాలనే తదేకంగా చూస్తాడు, పెదాలు కనబడకపోతే సగం మాట పోతుందంటాడు. అతన్ని "గోడ చూడు నాన్నా" అంటే అంతే అన్యాయం. పైన చెప్పినవన్నీ సగటు లెక్కలు, మీ గదిలో ఉన్నది సగటు కాదు, ఒక్క బిడ్డ. అడగండి. "నన్ను చూస్తూ వింటే బాగుంటుందా, చూడకుండా వింటే బాగుంటుందా?" మూడో తరగతి పిల్ల కూడా దీనికి జవాబు చెప్తుంది. ఎవరూ అడగరు, అంతే. మాటలు రాని బిడ్డయితే, ఏదైనా బాగా పట్టుబడిన రోజున ఆ పాఠం అప్పుడు కళ్లు ఎక్కడున్నాయో గుర్తు తెచ్చుకోండి.

హెడ్‌మాస్టర్లకు, కార్డులు తయారుచేసేవాళ్లకు విడిగా ఒక విన్నపం. మా పాప ప్రోగ్రెస్ కార్డులో "ఎదుటివారి కళ్లలోకి చూసి మాట్లాడుతుంది" అని ఒక గడి ఉంది. ఐదేళ్లుగా అందులో "మెరుగుపడాలి" అనే వస్తోంది. ఆ గడి తీసేయండి. దాని బదులు "చెప్పింది ఎంత అందింది" అని పెట్టండి, దాన్ని కళ్లు చూసి కాకుండా జవాబులు చూసి నింపండి. నోటితో చెప్పలేకపోతే రాసి చెప్పనివ్వండి. ఆటిజం ఉన్న పిల్లలకు ప్రత్యేక శిక్షణ ఇచ్చేచోట కూడా ఇదే గడి లక్ష్యంగా ఉంటోంది: పది సెకన్లు చూస్తే ఒక స్టిక్కర్, ఇరవై సెకన్లు చూస్తే రెండు. మా అమ్మాయి కొన్ని నెలలు ఆ స్టిక్కర్లు తెచ్చుకుంది. ఏమి చెప్పారని అడిగితే ఏమీ గుర్తుండేది కాదు. "నేను లెక్కపెడుతున్నానమ్మా" అనేది. ఎన్ని సెకన్లు చూసిందో లెక్కపెట్టుకునేది.

"రేపు పెద్దయ్యాక ఇంటర్వ్యూలో కళ్లలోకి చూడకపోతే ఎవరు ఉద్యోగం ఇస్తారు" అని మీలో కొందరు బాధగా అడుగుతారు. ఆ బాధ నాదీ. కానీ ఆ ఇంటర్వ్యూకి చేరాలంటే ఆమెకు ముందు పాఠం అందాలి. చూపు నటించడానికి పాఠాన్ని ఖర్చు పెట్టకూడదు. పెద్దయ్యాక, తనకు అవసరమని తోస్తే, ఎదుటివాళ్ల నుదుటి మీద చూపు నిలపడం తనే నేర్చుకుంటుంది. లేదా "మిమ్మల్ని చూడకపోయినా వింటున్నాను" అని చెప్పడం నేర్చుకుంటుంది. రెండోది ఇంట్లో ఇప్పటికే అంటోంది.

సెలవులు అయ్యాక మా అమ్మాయి ఏడో తరగతికి వస్తుంది, కొత్త టీచర్లు ఉంటారు. మొదటి రోజునే గోడ పక్కన చోటు చూసుకుంటుంది. మీరు పాఠం మొదలుపెట్టగానే తల పక్కకు తిరుగుతుంది, బొటనవేలు నోట్‌బుక్ అంచు మీదికి వెళ్తుంది. మీరు దగ్గరికి రావాలనుకుంటే పక్క నుంచి రండి. గడ్డం ముట్టుకోకుండా, ఇప్పుడే ఏం చెప్పారో అడగండి, అడిగి ఆగండి. గోడ వైపు చూస్తూనే చెప్తుంది. మీరు మధ్యలో దగ్గి ఉంటే, అది కూడా చెప్తుంది.

ఇట్లు,
ఒక తల్లి